ఏ ఫ్లైట్ మంచిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు పది నిమిషాలు ఇచ్చినారు. కర్నూలులో ఇరవై ఏళ్లకు పైగా విమాన టికెట్లు బుక్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ సంగతే మాట్లాడమన్నారు. పొద్దున టిఫిన్ దగ్గర ఉగ్గాని తింటుంటే కూడా నలుగురు అడగనే అడిగినారు: "ఏమప్పా, అమెరికాకు ఏ ఫ్లైట్ మంచిది?" మనం బడి విడిచిన రోజుల్లో హైదరాబాదు పోయి వచ్చినవాడే గొప్ప. ఇప్పుడు ఈ హాల్లో ఎవరిని కదిలించినా కొడుకో కూతురో డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. కూతురి కాన్పుకని మనం పోతాం, ఆరు నెలలకు మనం వస్తాం, వియ్యంకులు పోతారు.

ఆ ప్రశ్నకు నేను ఎప్పుడూ ఎదురు ప్రశ్న వేస్తాను. పోయేది ఎవరు? టికెట్ కొనేది అక్కడున్న అబ్బాయి. రాత్రి పదకొండుకు కంప్యూటర్ తెరిచి అన్నిటికన్నా పైన కనిపించే తక్కువ ధర నొక్కుతాడు. తప్పు కాదు, వాడు అట్లనే ప్రయాణం చేస్తాడు. కానీ ఆ సీట్లో కూర్చునేది అరవై అయిదేళ్ల అమ్మ. ఆమెకు తెలుగు తప్ప రాదు. మోకాళ్లు నొప్పి.

ఈ మాట నేను నేర్చుకున్నది మన మాస్టారి దగ్గరే. మనకు సోషల్ చెప్పినాయన. ఆయన ఇక్కడే ఉన్నారు. "పేరు చెప్పొద్దు, మిగతాదంతా చెప్పు" అని అనుమతి ఇచ్చినారు.

పన్నెండేళ్ల కిందట ఆయన మొదటిసారి డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయలుదేరినారు. టికెట్ నేనే తీసినాను. అప్పుడు నాకు ఒక తెలివి తోచింది. హైదరాబాదు నుంచి గల్ఫ్‌లో ఒక ఊరి దాకా ఒక కంపెనీ టికెట్, అక్కడి నుంచి అమెరికాకు ఇంకో కంపెనీ టికెట్. రెండూ విడివిడిగా కొంటే ముప్పై వేలు మిగులుతున్నాయి. మధ్యలో నాలుగు గంటల వ్యవధి ఉంది, చాలనుకున్నాను. మా మాస్టారికి ముప్పై వేలు మిగిల్చినానని నాలుగు రోజులు నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

మొదటి విమానం మూడున్నర గంటలు ఆలస్యంగా లేచింది. ఆయన దిగేసరికి రెండోది పోయింది. రెండో కంపెనీవాళ్లు "మీరు సమయానికి రాలేదు, టికెట్ రద్దయింది" అన్నారు. మొదటివాళ్లు "మా టికెట్ ఇంతవరకే" అన్నారు. పెట్టె బయట బెల్టు మీద తిరుగుతోంది. బయటికి పోవాలంటే ఆ దేశం వీసా కావాలి, అది లేదు. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఆ పెట్టెలో. ఫోను పనిచేయదు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి రాత్రంతా ఒక కుర్చీలో కూర్చున్నారు.

తెల్లవారుజామున నేల తుడిచే ఒక కుర్రవాడు ఆయన "అయ్యో దేవుడా" అనుకోవడం విన్నాడు. "సార్, మీది యా వూరు?" అని అడిగినాడు. వాడిది రాయచోటి పక్క పల్లె. కడప జిల్లా నుంచి కువైట్‌కు, గల్ఫ్‌కు పోయిన మనవాళ్లు ఎందరో మీకు చెప్పనక్కర్లేదు. వాడు తన ఫోనుతో కొడుక్కు కలిపినాడు, తన డబ్బాలోని అన్నం సగం పెట్టినాడు. కొడుకు అప్పటికప్పుడు కొత్త టికెట్ కొన్నాడు. నేను మిగిల్చిన ముప్పై వేలకు రెండింతలు పైన పోయింది. పెట్టె ఎనిమిది రోజులకు చేరింది.

తిరిగి వచ్చినాక మాస్టారు మా ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు. "ఏరా, సోషల్‌లో మార్కులు తక్కువ వేసినానని ఇన్నేళ్లకు కక్ష తీర్చుకున్నావా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నోట మాట రాలేదు. ఆ రోజు నుంచి పెద్దవాళ్లకు రెండు ముక్కల టికెట్ ఇవ్వలేదు. వేరే చోట చవకగా దొరికితే అక్కడే తీసుకోండని పంపిస్తాను.

కాబట్టి కంపెనీ పేరు కన్నా ముందు చూడాల్సింది, ఇక్కడి నుంచి చివరిదాకా ఒకే టికెట్టా, ఒకే పీఎన్‌ఆరా అన్నది. ఒకటే అయితే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత వాళ్లది. మాత్రలు మాత్రం ఏ టికెట్ అయినా చేతి సంచిలోనే.

తర్వాత దారి. మన కర్నూలువాళ్లకు 44వ నంబరు రోడ్డు మీద శంషాబాదు దగ్గర. కడపవాళ్లు బెంగళూరో, చెన్నైయో పోతారు. ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం వచ్చింది కానీ అక్కడ దిగేవి చిన్న విమానాలు. హైదరాబాదు నుంచి దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, దోహా మీదుగా ఖతార్, అబుదాబి మీదుగా ఎతిహాద్ ఉన్నాయి. యూరప్ వైపు లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా. 2025 సెప్టెంబరు నుంచి ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా కేఎల్ఎం కూడా వచ్చింది.

అన్నీ మంచివే. తేడా ప్రయాణం విరిగే చోట ఉంది. గల్ఫ్ మీదుగా పోతే ముందు నాలుగు గంటలు, తర్వాత డాలస్‌కు ఏకబిగిన పదహారు గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే తొమ్మిది, పదకొండు, దాదాపు సగం సగం. కాళ్ల వాపు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నేను సగం సగం దారే చెబుతాను. పదహారు గంటలు కూర్చోవడం ఆషామాషీ కాదు. అదే, నిద్ర బాగా పట్టేవాళ్లకు, మధ్యలో తెలుగు మాట వినబడితే ధైర్యం వచ్చేవాళ్లకు గల్ఫ్ దారి మేలు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానాశ్రయం దాటి బయటికి పోనంతవరకు వేరే వీసా అక్కర్లేదు.

అబుదాబి దారిలో ఒక సౌకర్యం ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ 2014 నుంచి అక్కడే పూర్తవుతుంది. దిగినాక నేరుగా పెట్టె తీసుకుని బయటికి రావచ్చు. మిగతా దారుల్లో సాధారణంగా అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు దించుకుని, ఇంకో ఊరికి పోయేదుంటే మళ్లీ వేయాలి. ఇది చాలామందికి తెలియదు. ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు, పైన ఊరగాయ. అందుకే పిల్లలకు చెప్పండి: మొదట దిగే ఊరే చివరి ఊరు అయ్యేటట్టు చూడమనండి. అబ్బాయి నాలుగు గంటలు కారు తోలితే మీకు ఒక విమానం తప్పుతుంది.

విమానం రకం కూడా అడగవచ్చు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 అయితే లోపలి గాలి ఒత్తిడి 6000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు, పాతవాటిలో 8000 దాకా పోతుంది. దిగినాక అలసట తక్కువ అని పోయివచ్చినవాళ్లు చెబుతారు.

వీల్‌చైర్ గురించి కొంచెం. "నాకేం కాళ్లు లేవా?" అని రోషపడేవాళ్లు మనలో ఎక్కువ. మోకాళ్లు సహకరించకపోతే రోషం వద్దు, టికెట్‌తో పాటే చెప్పించుకోండి. కాళ్లు బాగుండి భాష మాత్రమే రాకపోతే, దారి చూపించే మనిషిని ఏర్పాటు చేయగలరేమో కంపెనీని అడగండి. నడవగలిగినవాళ్లంతా కుర్చీ ఎక్కితే నిజంగా నడవలేనివాళ్లు గేటు దగ్గర ఎదురుచూడాల్సి వస్తోంది. నేను చూసినాను.

కాన్పుకు పోయేవాళ్లు తిరుగు తేదీ మార్చుకోగల టికెట్ తీసుకోండి. బిడ్డ మన టికెట్ చూసుకుని పుట్టదు. ఇవన్నీ సరిపోయినాక, ఆఖరున ధర చూడండి.

మాస్టారు, అమ్మగారు వచ్చే మే నెలలో మళ్లీ డాలస్ పోతున్నారు. ఈసారి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, ఒకే టికెట్. నేను నడవ పక్కన సీటు వేస్తానన్నాను, లేచి తిరగడానికి వీలుగా. ఆయన ఒప్పుకోలేదు. "ఫ్రాంక్‌ఫర్ట్‌లో లేచేది పగలే కదరా? పడమటికి పోతాం కాబట్టి పొద్దు మనతోనే వస్తుంది. ముప్పై ఏళ్లు మీకు బెత్తంతో పటం మీద అట్లాంటిక్ చూపించినాను, మొదటిసారి పోయినప్పుడు అలిసి నిద్రపోయినాను. కిటికీ పక్కన వెయ్యి" అన్నారు.

కిటికీ పక్కనే వేసినాను. నడవ పక్కది అమ్మగారికి.