పాలకూర నుంచి డీఎన్ఏ దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే ఏదో ఒక ఆకో గింజో జన్యువుల్ని కాపాడుతుందని సందేశం వస్తుంటుంది. వాటిలో చాలావాటికి గాజు గొట్టంలో దొరికిన రుజువే తప్ప మనిషిలో దొరికింది లేదు. అందుకని మనుషుల్లో రుజువైన ఒక్కదాని గురించే మాట్లాడతాను. దాని పేరు ఫోలేట్.

1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి దీన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు, పేరు అలా వచ్చింది. అంతకు పదేళ్ల ముందే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో మిల్లు కార్మికులైన గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేశారు. ఆ సారంలో పనిచేసింది ఇదేనని తర్వాత తేలింది. దీన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన మనిషి! వెనక బెంచీ మిత్రులు గమనించాలి. ఆయన సోదరుణ్ణి స్ప్రూ అనే పేగు జబ్బు బలితీసుకుంది. చివరికి ఆ జబ్బుకు ఫోలిక్ ఆమ్లమే మందయింది.

ఇంతకీ ఇది కణంలో చేసే పనేమిటి? డీఎన్ఏ ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల రాత. యు అనే మరో అక్షరానికి ఒక కార్బన్ తగిలిస్తే టి అవుతుంది. ఆ కార్బన్ అందించేది ఫోలేట్. అది కరువైతే, పూర్వం ప్రెస్సులో అక్షరం అయిపోయినప్పుడు కంపోజిటరు దగ్గరి పోలికున్న ఇంకో అక్షరం పెట్టినట్టు, కణం టి ఉండాల్సిన చోట యు పెట్టేస్తుంది. దిద్దుబాటు ఎంజైములు దాన్ని కత్తిరిస్తాయి. టి దొరక్క మళ్లీ యు పడుతుంది, మళ్లీ కత్తెర. ఎదురెదురు పోగుల్లో దగ్గరదగ్గరగా రెండు కోతలు పడ్డాయా, క్రోమోజోము తెగుతుంది. ఫోలేట్ తక్కువున్న మనుషుల్లో ఈ యు ఎక్కువగా ఉందని, ఫోలిక్ ఆమ్లం ఇచ్చాక తగ్గిందని కాలిఫోర్నియాలో బ్రూస్ ఏమ్స్ బృందం 1997లో చూపించింది.

దీని ప్రభావం బాగా కనబడేది గర్భంలో. బిడ్డ వెన్నుపాము గొట్టం 28 రోజుల్లోపే మూసుకుంటుంది. చాలామంది తల్లులకు అప్పటికి గర్భమన్న సంగతే తెలియదు. అంతకుముందు వెన్ను లోపమున్న బిడ్డను కన్న తల్లులకు ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం మళ్లీ రావడం నూటికి 72 వంతులు తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధనలో తేలింది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది నెల తప్పాక కాదు, బిడ్డ కావాలనుకున్నప్పుడే. మీ కూతుళ్లకు, కోడళ్లకు ఈ మాట సిగ్గుపడకుండా చెప్పండి.

ఇక వంటింటి సంగతి. ఆకుకూరలు, శనగలు, పెసలు, బొబ్బర్లలో ఫోలేట్ బాగా ఉంటుంది. తోటకూర పప్పు నా ఉద్దేశంలో ఏ ఖరీదైన పొడికీ తీసిపోదు. కాకపోతే ఫోలేట్ నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువసేపు ఉడికిస్తే నశిస్తుంది. ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ చాలావరకు వాటితోనే పోతుంది.

నా ఈడు వాళ్లకు, ముఖ్యంగా శాకాహారులకు ఒక హెచ్చరిక. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే సొంతంగా ఫోలిక్ ఆమ్లం మాత్రలు మింగకండి. లోటు బి12దైతే ఈ మాత్ర రక్తహీనతను కప్పిపెడుతుంది, నరాలు మాత్రం లోపల్లోపల దెబ్బతింటూనే ఉంటాయి. ముందు రక్తపరీక్ష చేయించుకోండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. బళ్లలో వారానికోసారి పెద్ద పిల్లలకిచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం పుడుతుంది, అందుకే కొందరు పిల్లలు గుట్టుచప్పుడు కాకుండా కిటికీలోంచి విసిరేస్తారు. మధ్యాహ్న భోజనం అయ్యాక, మీ ఎదుటే వేసుకోమనండి.