మేడ కట్టుటకు ముందు

గ్రామ పెద్దలారా!

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను మాట మీరు నాకు చెప్పదగినదే గాని నేను మీకు చెప్పదగినది కాదు. పెండ్లి కొలది దినములలో ముగియును. ఇల్లు మాత్రము రెండు తరములవరకు మన తప్పులను మనకే చూపుచుండును. అందుచేత నేడు స్వంతముగా, పునాది మొదలుకొని, గొప్ప యిల్లు కట్టదలచినవారు ముందుగా నాలోచింపవలసిన సంగతులను గూర్చి కొంచెము మనవి చేసెదను.

సిరికొండ ప్రాంతమున మేడ యనగానే పెద్దల తలపునకు వచ్చునది గడి. మీకు చేరువనే సిర్నాపల్లి గడి కలదు. దానితోపాటు రాణి జానకీబాయి పేరును ప్రజలు నేటికిని తలచుకొందురు. ఆ దినములలో ఊరికి మేడ యొక్కటే. నేడట్లు గాదు. పసుపు పండించినవారును, చెరకు పండించినవారును, గల్ఫు దేశములలో కష్టపడినవారును తమ తమ గ్రామములలో రెండంతస్తుల యిండ్లు కట్టుచున్నారు. ఇది సంతోషింపదగినదే. అయితే ఇందొక చిక్కు కలదు. కుమారుడు దుబాయిలోనో మస్కటులోనో ఉండును. పునాది కడ నిలుచువాడు తండ్రి. సొమ్ము పంపువాడు పనిని చూడలేడు. పనిని చూచువానికి సొమ్ము ఎంతవరకు వచ్చునో తెలియదు. ఈ రెంటి నడుమనే ఇంటి అంచనా అదుపు తప్పును. కావున నా మాటలు ముఖ్యముగా ఆ తండ్రులనుద్దేశించినవి.

ముందుగా ఒక గొప్ప మేడ కథ వినుడు. హైదరాబాదులో ఫలక్‌నుమా భవనమును మీలో కొందరు చూచియుందురు. ఆ పేరునకు ఆకాశదర్పణమని అర్థము చెప్పుదురు. నిజాము రాజ్యమున ప్రధానమంత్రి పదవి నధిష్ఠించిన నవాబు వికారుల్ ఉమ్రా దానికి 1884 వ సంవత్సరము మార్చి 3 వ తేదీన పునాది వేయించెను. గుట్టమీద స్థలము, ఇటలీ దేశపు చలువరాయి, నూటొక్కమంది ఒక్కమారు కూర్చుండి భుజింపదగిన బల్ల. వేయేల, ఆయన కోరినదెల్ల అందు అమరినది. పని ముగియుటకు తొమ్మిదేండ్లు పట్టినది. నలుబది లక్షల రూపాయలు వ్యయమైనవని చెప్పుదురు. ఆ నవాబు ఆరవ నిజామునకు బావమరది వరుసవాడు, ఐశ్వర్యమునకు కొదువలేనివాడు. అట్టివాడును అప్పులలో మునిగెను. కొలది సంవత్సరములకే, 1897 ప్రాంతమున, ఆ భవనము నిజాము మహబూబ్ అలీఖాన్ వశమైనది. 2010 నుండి అది గొప్ప హోటలుగా నడచుచున్నది. కట్టినవాని కోరికకు కొలతయుండెను గాని ఖర్చునకు కొలత లేకపోయెను. రాజబంధువునకే యిట్లయినప్పుడు, ఒక జీతముమీదనో ఒక పంటమీదనో ఆధారపడిన గృహస్థుని మాట చెప్పనేల?

ఆదాయము నిలుచునని ఎవరును పూచీపడలేరు. బోధనులో నిజాము చక్కెర కర్మాగారము 1937 లో స్థాపింపబడినప్పుడు, అది యొకనాడు మూతపడునని ఎవరు తలచిరి? 2015 లో మూతపడినది. దానిని నమ్ముకొని అప్పు చేసినవానికి గానుగ ఆగినను వడ్డీ ఆగదు. కావున మొదటి సూత్రమిది: చేతనున్న సొమ్ము ఎంత, నిక్కముగా రాగలది ఎంత అని తండ్రీకొడుకులు కూడి కాగితముమీద వ్రాసికొనవలెను. ఆ మొత్తములో పదింట రెండు పాళ్ళు పక్కన పెట్టి, మిగిలిన యెనిమిది పాళ్ళకే ఇల్లు కుదుర్చుకొనవలెను. బోరుబావి, ప్రహరీగోడ, విద్యుత్తు, తలుపులు, రంగులు, గృహప్రవేశము, ఇవన్నియు మొదటి లెక్కలో ఎవరికిని జ్ఞప్తికి రావు. చివర అన్నియు ఒక్కమారు వచ్చి నిలుచును. పక్కన పెట్టినది వానికే సరిపోవును. పొలము తాకట్టు పెట్టి మేడమీద మరియొక అంతస్తు లేపుట, చెట్టు నరికి కొమ్మకు నీరు పోయుట వంటిది.

రెండవ సంగతి నేల. మన జిల్లాలో నేల అంతయు నొక్కతీరు కాదు. మొరము నేల బరువును చక్కగా మోయును. బోధను వైపున విస్తారముగా నున్న నల్లరేగడి యట్టిది గాదు. వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెరియలు విచ్చును. దానిమీద లోతుచాలని పునాది వేసినచో గోడలు గూడ నేలవలెనే విచ్చును. ఎండకాలమున నెరియ యెంతలోతు దిగుచున్నదో చూచి, పునాదిని అంతకన్న క్రిందికి, గట్టి నేలవరకు దింపవలెను. పునాది చుట్టును త్రవ్విన నల్లమట్టినే తిరిగి పోయక మొరము గాని ఇసుక గాని నింపి దిమ్మిస చేయవలెను. గోడవెంట వాననీరు నిలువకుండ వాలుగా గచ్చు చేయింపవలెను. రేగడి మిక్కిలి లోతుగా నున్నచోట అడుగున ఉబ్బెత్తుగా నుండు స్తంభముల పునాది మేలు; రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఈ పద్ధతిని వృద్ధిచేసిరి. ఇంజనీరునకు ఇచ్చు రుసుము వ్యర్థవ్యయమని తలపవలదు. గోడ పగిలిన తరువాత అతనిని పిలుచుటకన్న గుంట త్రవ్వకముందు పిలుచుట చౌక.

మూడవది ఇంటి పటము. పట్టణములో చూచిన ఇంటి పటమును తెచ్చి మన స్థలమున పరచుట తగదు. పటము గీయించిన పిమ్మట సుతారిని పిలిచి, నేలమీద సున్నముతో గీతలు పోయించి, ఇంటివారందరును అందు నడచి చూడవలెను. వంటింటిలో ఆడువారు నిలిచి, పొయ్యి యెచట, నీళ్ళెచట, వెలుతురెచట అని తామే చెప్పవలెను. నాగలి, పసుపు బస్తాలు, పాడి పశువులు ఎచట నుండవలెనో అప్పుడే తేల్చుకొనవలెను. సున్నపు గీత చెరుపుటకు చీపురు చాలును. ఇటుక గోడ చెరుపుటకు వేలకు వేలు కావలెను.

మన పూర్వులు కట్టిన భవంతి యిండ్లను తలచుకొనుడు. నడుమ ఆకాశము కనబడు వాకిలి, చుట్టును నీడ, దళసరి గోడలు, పైన గూనపెంకులు. వేడిగాలి నడుమనుండి పైకి పోవును, అర్రలు చల్లగా నుండును. నేడు సిమెంటు స్లాబు క్రింద మధ్యాహ్నపు వేడిమిని రాత్రి రెండుజాములవరకు భరించుచున్నాము. పడమట ఎండ తగులుచోట వసారా గాని చెట్లనీడ గాని యుండవలెను. ఎదురెదురుగా కిటికీలుండవలెను. నా మతమున భోగభవనమనగా రాతిపలకల మెరుపు కాదు. వైశాఖమాసమున పగటిపూట కునుకు పట్టు ఇల్లు భోగభవనము.

మరియొక మాట. మేడ పైయంతస్తున విశాలమైన గదులు కట్టి, ముదుసలి తల్లికి మెట్లక్రింద మంచము వేయుట మనము చూచుచున్నాము. నేల అంతస్తుననే, వెలుతురుగల అర్ర యొకటి, దానికి చేర్చి స్నానపుగది, కాలు జారని గచ్చు, పట్టుకొనుటకు గోడకొక కమ్మి — ఇవి పటములో మొదటనే యుండవలెను. నేడు మీరు మెట్లెక్కగలరు. ఇల్లు మీకన్న మెల్లగా ముసలిదగును.

ఇక పని. సిమెంటు పనికి నీరు ప్రాణము. ఇటుకలను కట్టుటకు ముందు నానబెట్టవలెను. స్లాబు వేసిన పిదప మట్టికట్టలు కట్టి నీరు నిలుపవలెను. ఏడు దినములకు తగ్గరాదు. మన యెండలలో పదునాలుగు దినములు తడుపుట మేలు. ఈ కావలి పని తండ్రి చేయవలసినది. ఇందుకు ధనము వలదు, ఓపిక వలయును. డంగుసున్నము, రాయి పట్టిన పాత కట్టడము మీకున్నచో తొందరపడి కూల్చవలదు. కామారెడ్డి చేరువనున్న దోమకొండ కోటను ఆ వంశమువారు శ్రద్ధతో బాగుచేయించగా, 2022 లో యునెస్కోవారి ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారములలో దానికి గుర్తింపు లభించినది.

అయితే పాతదంతయు కొనియాడదగినది కాదు. తెలంగాణపు గడీల వెనుక వెట్టిచాకిరి యుండెనని మీ తండ్రులు తాతలు చెప్పగా వినియే యుందురు. నేటి మేడకు ఆ మచ్చ వలదు. సుతారికి, కూలికి వారమువారము లెక్క తీర్చివేయుడు. కూలి బాకీపడిన గోడకు సున్నము వేసినను తెలుపు రాదు.

చివరకొక ప్రశ్న. ఈ ఇంటిలో ఎవరుందురు? కుమారుడు పరదేశమున, మనుమలు నిజామాబాదులోనో హైదరాబాదులోనో చదువులో. పది గదులలో ఎనిమిదింటికి తాళములు, మిగిలిన రెంటిలో ఇద్దరు వృద్ధులు. ఊరిలో ఇట్టి మేడలు మీ కన్నులయెదుటనే కలవు. అవి చూచువారికొరకు కట్టినవి, ఉండువారికొరకు కావు. నేడు నాలుగు అర్రలు చక్కగా కట్టి, రేపు కుటుంబము పెరిగినచో పైన కట్టుటకు వీలుగా పునాదిని, స్తంభములను బలముగా నుంచుట వివేకము. బలము క్రింద నుండవలెను, ఆడంబరమునకు తొందరలేదు.

కుమారునికి ఈ రాత్రియే ఫోను చేయుడు. “నాయనా, ఎన్ని అంతస్తులు?” అని అడుగవలదు. “నీవు ఎప్పుడు తిరిగివచ్చెదవు? ఎందరము కలిసి ఉందుము?” అని అడుగుడు. ఆ జవాబే మీ ఇంటికి మొదటి పటము.

సెలవు.