అచ్చు వేసిన చేతులు



ఎవరి పేరున ఈ సభ జరుగుతున్నదో ఆ పశువుల డాక్టరుగారి దగ్గర కుర్రతనంలో రెండేళ్లు పనిచేశాను. ఒకసారి సంతలో ఒక కోడెను చూపించి "ఎట్లా ఉందయ్యా?" అన్నారు. మూపురం నిటారుగా ఉంది, గంగడోలు బొడ్డుదాకా జారింది, నడక ఒడుపుగా ఉంది అని తెలిసిందంతా వల్లించాను. "దీని తల్లి ఎన్ని పాలిచ్చింది?" అన్నారు. నాకు తెలియదు. అమ్మేవాడికీ తెలియదు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ప్రశ్న కథే.

"అచ్చోసిన ఆంబోతు" అంటే ఇప్పుడు తిట్టు. పనీపాటా లేకుండా ఊరిమీద పడి తిరిగేవాణ్ణి అంటాం. కానీ ఆ అచ్చు ఒకనాడు గౌరవానికి గుర్తు. పెద్దవాళ్లు పోయినప్పుడు వారి పేరున కోడెదూడకు అచ్చు వేసి ఊరికి వదిలేవారు. ఒంగోలు సీమలో ఏదో ఒక దూడను పట్టుకొచ్చి మొక్కు తీర్చుకుంటే ఒప్పేవారు కారు. పశువుల సంగతి తెలిసిన పెద్దలు చూసి సరేననాలి. అట్లా వదిలిన ఆంబోతు ఎవరి జొన్నచేలో పడ్డా కర్ర ఎత్తేవారు కారు. విత్తనం ఊరందరిదీ, మేపూ ఊరందరిదీ.

ఆ పెద్దలు ఏం చూసేవారు? పాలలాంటి తెలుపు, తలమీదా మెడమీదా మూపురంమీదా బూడిదరంగు నీడ, నల్లటి ముట్టె, నల్లటి కనురెప్పలు, నల్లటి తోక కుచ్చు, పొట్టి కొమ్ములు. తర్వాత కాళ్లు. గిట్టలు సరిగా లేకపోతే మిగతావన్నీ దండగే. సుళ్లు కూడా చూసేవారు. సుడికీ పాలకూ సంబంధం ఉందని నేను నమ్మను. అయితే సుళ్లు వెతికే వంకతో కొనేవాడు పశువు చుట్టూ నాలుగుసార్లు తిరిగేవాడు. ఆ తిరగడంలో కుంటీ, గుడ్డీ బయటపడేవి.

ఆ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. ఒకే ఆంబోతు మూడు నాలుగేళ్లు దాటి ఊళ్లో ఉంటే సొంత కూతుళ్లే ఎదకు వచ్చి దానికి ఎదురవుతాయి. రెండోది, తల్లి పాలు జ్ఞాపకంలో ఉండేవి గాని కాగితంమీద ఉండేవి కావు. చెప్పేవాడు పోతే లెక్కా పోయేది.

1940లో మద్రాసు ప్రభుత్వం పశుసంతతి మెరుగు కోసం చట్టం తెచ్చింది. లైసెన్సు లేని కోడెను విత్తనానికి వాడకూడదు, దానికి విత్తు కొట్టించాలి. మంచి చట్టమే. కానీ ఎంచే పని ఊరి పెద్దల చేతిలోంచి ఆఫీసు కాగితంలోకి అప్పుడే జారడం మొదలైంది.

అప్పటికే మన పశువులు సముద్రం దాటాయి. 19వ శతాబ్దంలోనే ఒంగోలు జాతి బ్రెజిల్ చేరింది. అక్కడ దాని పేరు నెలోరి, మన నెల్లూరే. 1960ల మొదట్లో అక్కడి పెంపకందార్లు మళ్లీ వచ్చి ఏరుకుని పట్టుకెళ్లిన వాటిలో ఒక కోడె పేరు కరవది. ఒంగోలు పక్కనే ఉన్న కరవది! నెలోరి వంశవృక్షాలలో ఆ ఊరిపేరు ఈనాటికీ కనబడుతుంది. వాళ్లు చేసినది మంత్రం కాదు. దూడలను పాలు మాన్పినప్పుడొకసారి, ఏడాది వయసులో ఒకసారి, ఏడాదిన్నర వయసులో ఒకసారి తూచారు. కోడె వృషణాల చుట్టుకొలత టేపుతో తీశారు. ఆ కొలత బాగున్న కోడె కూతుళ్లు తొందరగా ఎదకు వస్తాయి. అన్నీ రాసుకున్నారు. వయాటినా-19 అనే నెలోరి ఆవు బరువు 1,100 కిలోలు దాటింది. వాళ్లకు కావలసింది మాంసం, మనకు కావలసింది వేరు. నేర్చుకోవలసింది ఆ రాసుకునే అలవాటు.

మనం ఏం చేశాం? ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెద్దుకు పని పోయింది. ఒంగోలు కోడెను ఎంచే వేదికగా బండలాగుడు పందెం మిగిలింది. పందెం చూడటం నాకూ ఇష్టమే, కాదనను. కానీ బండ ఎంత లాగిందో చూసి ఎంచిన కోడె కూతురు దూడకు కడుపునిండా పాలిస్తుందన్న భరోసా ఏమిటి?

ఇక సూది. మన దేశంలో కృత్రిమ గర్భధారణ 1939లో మైసూరు రాజావారి పాడిశాలలో సంపత్‌కుమారన్ గారి చేతులమీదుగా మొదలైంది. ఇప్పుడు మైనస్ 196 డిగ్రీల ద్రవనత్రజనిలో నిలవచేసిన వీర్యం, సూది వేసే గోపాలమిత్ర చేతిలో మన వాకిట్లోకే వస్తోంది. ఊరి ఆంబోతు ఏడాదికి యాభై, అరవై ఆవులను కట్టేది. వీర్యకేంద్రంలోని కోడె వేల దూడలకు తండ్రి. పొరపాటున చెడ్డదాన్ని ఎంచితే నష్టమూ వేలల్లోనే.

కోడె పాలివ్వదు కదా! దాని కూతుళ్లు ఇచ్చాకే దాని విలువ తెలుస్తుంది. మూడేళ్ల కోడె వీర్యంతో దూడ పుట్టి, పెరిగి, ఈని, ఒక ఈత పాలు లెక్కకు వచ్చేసరికి తండ్రికి ఎనిమిదో ఏడు దాటుతుంది. అంత ఓపిక లేకనే ప్రపంచం జన్యుచిప్‌ల వైపు తిరిగింది. అమెరికాలో పాడిపశువులకు 2009 నుంచి ఆ చిప్ లెక్కలు అధికారికం. మన దేశపు చిప్, గౌచిప్, 2024 అక్టోబరులో విడుదలైంది. దూడ చెవిముక్కతో తండ్రి కాగల యోగ్యత అంచనా కట్టవచ్చు. కానీ వేల ఆవుల పాలు ముందుగా ఎవరో కొలిచి రాసిపెట్టి ఉంటేనే ఆ చిప్ ఏమైనా చెప్పగలదు. లేకపోతే సంతలో నేను వల్లించినట్టే అదీ వల్లిస్తుంది.

డాక్టరుగారి సంచీలో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ ఊరు, ఎవరి ఆవు, ఏ కోడె, ఎన్నో ఈత, ఎన్ని పాలు. అంతే. వీర్యపు స్ట్రా మీద కోడె నంబరు అచ్చయి ఉంటుంది. సూది వేశాక దాన్ని పారేయనివ్వకండి. అడిగి తీసుకోండి, నంబరు రాసుకోండి. పుట్టిన దూడ పెరిగి ఈనిన రోజు నుంచి నెలకోసారైనా పాలు తూచి, ఆ నంబరు పక్కనే వేయండి.