ఎండాకాలంలో కుక్కకి అజిలిటీ: "చాలు" అని అది చెప్పదు, మనమే చెప్పాలి

  ఎండలు ఎలా ఉన్నాయని అడగను, మదనపల్లెలో ఉండేవాడిని, నాకూ తెలుసు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊర్ల నుంచీ నాకు ఇప్పుడు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, కాలేజీకి సెలవులు ఇచ్చేసినారు. నాకు టైం ఉంది. మా కుక్కకి అజిలిటీ నేర్పించొచ్చా? ఎండకి ఏమైనా అవుతుందా?"

నేర్పించొచ్చు. సెలవులు దీనికి మంచి టైం కూడా. కానీ ముందే ఒక మాట చెప్తాను, ఈ ఎపిసోడ్‌లో ఇంకేమీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుంటే చాలు. ఈ ఆటలో కుక్క "చాలు" అని చెప్పదు. మీరు బంతి విసిరినన్ని సార్లు అది పోతుంది. మీరు చెయ్యి చూపినన్ని సార్లు దూకుతుంది. ఒంట్లో శక్తి ఉండి కాదు, మీరు అడిగినారు కాబట్టి. అందుకని ఆపే బాధ్యత మొత్తం మనదే.

తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అజిలిటీ అంటే కుక్కకి అడ్డంకుల పరుగు. కడ్డీల మీద దూకాలి, సొరంగంలో దూరి బయటికి రావాలి, నిలబెట్టిన కర్రల మధ్య పాములాగా వంకర్లు తిరుగుతా పోవాలి, తూగుడు బల్ల ఎక్కి దిగాలి. యజమాని పక్కనే పరిగెత్తుతా దారి చూపిస్తాడు. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే పెద్ద డాగ్ షోలో, మధ్యలో ఖాళీ టైంలో జనాన్ని కూర్చోబెట్టడానికి, గుర్రాల జంపింగ్ పోటీని చూసి ఇది పెట్టినారు. జనానికి బాగా నచ్చింది. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. చల్లటి దేశంలో పుట్టిన ఆట అది. మనం ఆడేది మే నెలలో, రాయలసీమలో. ఆ తేడా గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు కుక్క ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకి పాదాల కింద మాత్రమే చెమట, అది ఏ మూలకీ చాలదు. దానికున్న ఏసీ అంతా నోరే. రొప్పుతుంది, నాలుక మీద తడి ఆరిపోతుంది, ఆ ఆరడంలో వేడి బయటికి పోతుంది. పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. లోపల పొయ్యి మండుతా ఉంటుంది, బయటికి పోయే కిటికీ ఒకటే. కుక్కకి మామూలుగా ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. 105 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

బ్రిటన్‌లో కుక్కల వైద్య రికార్డులు ముందేసుకుని చేసిన ఒక పరిశోధన 2020లో వచ్చింది. వడదెబ్బ తగిలిన కుక్కల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకి కారణం నడక, పరుగు, ఆట. కారులో వదిలేయడం వల్ల తగిలినవి దానికంటే చాలా తక్కువ. అంత చల్లటి దేశంలోనే అట్లా ఉంటే, మన సంగతి ఆలోచించండి.

పుంగనూరులో ఒక తమ్ముడి సంగతి చెప్తాను. అతను చెప్పమన్నాడు కాబట్టే చెప్తా ఉన్నాను, పేరు మాత్రం చెప్పను. మూడేళ్ళ ల్యాబ్. పోయిన మే నెలలో, పొద్దున తొమ్మిదిన్నరకి, గ్రౌండ్‌లో జంప్ వీడియో తీస్తా ఉన్నారు. ఏడు టేకులు. ఏడో టేక్‌లో కూడా కుక్క చక్కగా దూకింది, బంతి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది, తోక ఊపింది. తర్వాత వెనక కాళ్ళు తడబడినాయి, పడిపోయింది. నీళ్ళు పోసినారు, ఆసుపత్రికి తీసుకుపోయినారు, సాయంత్రానికి లేచి నిలబడింది కూడా. అందరూ అమ్మయ్య అనుకున్నారు. మూడో రోజు కిడ్నీలు పని చేయక చచ్చిపోయింది.

ఆ ఏడు వీడియోలూ నాకు పంపించినాడు. "అన్నా, ఎక్కడ ఆపి ఉండాల్సిందో చెప్పు" అన్నాడు. నాలుగో టేక్‌లో నాలుక మామూలుగా ఉంది. ఐదో దాంట్లో నాలుక చివర వెడల్పు అయింది, గరిటె లాగా, అంచులు పైకి మడుచుకుని. ఆరో దాంట్లో నీడ వైపు ఒక అడుగు వేసి, పిలిస్తే మళ్ళీ వెనక్కి వచ్చింది. చూడండి, అది తన భాషలో చెప్పింది. ఫోన్ కూడా రికార్డు చేసింది. చూడాల్సిన కళ్ళు జంప్ ఎంత ఎత్తు వచ్చిందో చూస్తా ఉన్నాయి.

అందుకని నా మొదటి రూల్. ఫోన్ తీయండి, కానీ జంప్ కోసం కాదు. ప్రతి రౌండ్ అయినాక పది సెకన్లు కుక్క ముఖం తీయండి. మొదటి వీడియో పక్కన పెట్టి పోల్చి చూడండి. నాలుక గరిటె అయిందా, చిగుళ్ళు ఎర్రగా ఇటుక రంగుకి వచ్చినాయా, చొంగ తీగలాగా సాగుతా ఉందా, ఇష్టమైన బిస్కెట్ ఇస్తే మొహం తిప్పుకుందా, నీడ వెతుక్కుంటా ఉందా. ఒక్కటి కనిపించినా ఆ రోజుకి ఆట బంద్. "లాస్ట్ ఒక్కటి" అనే మాటే ఉండకూడదు.

రెండోది, టైం. మనోళ్ళు ఒక పొరపాటు పడతారు. "మాది ఎత్తు మీద ఊరు, పక్కనే హార్స్‌లీ హిల్స్, ఆంధ్రా ఊటీ" అంటారు. నిజమే, మనకి తెల్లవారుజాము చల్లగా ఉంటుంది. అది మన అదృష్టం, దాన్నే వాడుకోవాలి. అయితే తొమ్మిది దాటితే ఊటీ లేదు, ఏమీ లేదు. ఐదున్నరకి మొదలుపెట్టి ఆరున్నరకి ముగించేయండి. సాయంత్రం చేస్తామంటారు కొంతమంది. సూర్యుడు పోయినా నేల చల్లారదు. రోడ్డు, సిమెంటు, బండలు పగలంతా తాగిన వేడిని రాత్రి దాకా కక్కుతా ఉంటాయి. కుక్క పొట్ట నేలకి మన కంటే ఎంత దగ్గరో చూసుకోండి.

ఇక్కడ కుప్పం వాళ్ళకి స్పెషల్‌గా చెప్తా ఉన్నాను. మీ దగ్గర గ్రానైట్ క్వారీలు ఉన్నాయి, ఇంటి ముందర బండలు పరిచిన వాకిళ్ళు ఎక్కువ. ఆ బండ మీద ట్రైనింగ్ వద్దు. ఎండకి కాలుతుంది, పొద్దున మంచు తడికి జారుతుంది, దూకి దిగినప్పుడు కీళ్ళు దెబ్బ తింటాయి. ఎక్కడైనా సరే, ముందు మీ అరచెయ్యి వెనక వైపు నేల మీద ఏడు సెకన్లు పెట్టండి. మీరు పెట్టలేకపోతే దాని పాదం కూడా పెట్టలేదు. మామిడి తోట, చింతచెట్టు నీడ, మెత్తటి మట్టి నేల, ఇవి మనకి దేవుడిచ్చిన గ్రౌండ్లు. ఇంకొకటి, మామిడి జల్లు పడిన మర్నాడు జాగ్రత్త. చల్లగా అనిపిస్తుంది కానీ గాలిలో తేమ ఎక్కువ. నాలుక మీద తడి ఆరదు, రొప్పినా వేడి పోదు. ఆ రోజు సగమే చేయించండి.

మూడోది, ఎంతసేపు. ఒక రౌండ్ అరనిమిషం లోపే. తర్వాత మూడు నాలుగు నిమిషాలు నీడలో రెస్ట్, రెండు గుక్కల నీళ్ళు. ఇట్లా ఐదు రౌండ్లు. అంతే, ఇంటికి. కడుపు నిండా సంగటి పెట్టి పరిగెత్తించకండి. ట్రైనింగ్ అయి, రొప్పు తగ్గి, ఒక గంట పోయినాక పెట్టండి. ఏసీ గదిలో పెరిగిన కుక్క అయితే మొదటి రెండు వారాలు నడక మాత్రమే, మెల్లగా అలవాటు చేయాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు వాటిని ఎండాకాలంలో ఈ ఆటకే తీసుకురావద్దు. ఏడాదిన్నర లోపు పిల్లలకి ఎత్తు జంపులు వద్దు, ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. హస్కీ, పామెరేనియన్‌లకి బొచ్చు మొత్తం గొరిగిస్తే చల్లగా ఉంటుందని అనుకుంటారు. ఆ బొచ్చే ఎండని ఆపుతుంది. దువ్వండి చాలు.

"మాది నాటు కుక్క అన్నా, ఎండకి పుట్టిన జాతి, దానికేం కాదు" అంటారు. పుంగనూరు ఆవుని చూసినవాళ్ళకి ఇట్లా అనిపించడం సహజమే. చిన్న ఒళ్ళు, ఈ నేలకి అలవాటు పడిన జాతి. నాటు కుక్కకి కూడా పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్ళు, అజిలిటీకి అది బంగారం. కానీ ఒకటి గమనించండి. మధ్యాహ్నం పూట వీధి కుక్క ఎక్కడ ఉంటుంది? కాలువ పక్కన తడి మట్టి తవ్వుకుని పడుకుని ఉంటుంది. దానికి ఎండ తెలుసు కాబట్టే కదలదు. పడుకున్నదాన్ని లేపి పరిగెత్తించేది మనమే.

సామాన్ల గురించి కూడా అడుగుతా ఉంటారు. ఆన్‌లైన్‌లో వేలు పోసి కొనాల్సిన పని లేదు. మదనపల్లెలో టమాటా క్రేట్లకి కరువా? రెండు క్రేట్లు, మధ్యలో తేలికైన పైపు. కుక్క కాలు తగిలితే పడిపోవాలి, కట్టేయకండి. ఎత్తు దాని మోకాలి దాకా చాలు మొదట్లో. టమాటా తోటలో పాతే కర్రలు పన్నెండు తీసుకోండి, 60 సెంటీమీటర్లకి ఒకటి పాతండి, వంకర్ల దారి రెడీ. చివర్లు మొనగా ఉంటే పైన గుడ్డ చుట్టండి. సొరంగానికి ప్లాస్టిక్ డ్రమ్ము వాడేవాళ్ళు దాన్ని నీడలోనే పెట్టండి, ఎండలో అది పొయ్యి.

మరి మిగతా రోజంతా ఏం చేయాలి? అసలు నేర్చుకునేది అప్పుడే. అజిలిటీలో సగం తలకాయ పని. ఫ్యాన్ కింద, ఇంట్లో, ఐదేసి నిమిషాలు. అరచెయ్యి చూపిస్తే ముక్కు ఆనించడం. "ఆగు" అంటే ఆగడం. కుడి, ఎడమ మాటలు. నిచ్చెనని నేల మీద పడుకోబెట్టి మెట్ల మధ్య నడిపించండి, వెనక కాళ్ళు ఎక్కడ పడతా ఉన్నాయో దానికి తెలుస్తుంది. చాలా కుక్కలకి వెనక కాళ్ళు ఉన్నాయనే ధ్యాసే ఉండదు! పలక మీద వెనక కాళ్ళు ఉంచి, ముందు కాళ్ళు నేల మీద పెట్టి నిలబడడం నేర్పండి, తూగుడు బల్ల దిగేటప్పుడు అదే పనికొస్తుంది. ఇంకా ఎనర్జీ ఉంటే కుక్క లేకుండా మీరే ఆ దారిలో పరిగెత్తండి. నవ్వకండి, పోటీలకి పోయేవాళ్ళందరూ ముందు అట్లానే చేస్తారు. కుక్క తప్పు దారి పట్టిందంటే చాలా సార్లు మన భుజం తప్పు వైపు తిరిగి ఉంటుంది.

చివరిగా, పొరపాటున పడిపోతే. ఈ భాగం సేవ్ చేసుకోండి. వెంటనే నీడలోకి. ఒళ్ళంతా నీళ్ళు పోయండి, పొట్ట, చంకలు, తొడల లోపల, మెడ. ఆపకుండా పోయండి, విసరండి. మిద్దె మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం కాగి ఉంటాయి, ముందు చెయ్యి పెట్టి చూడండి. సంపు నీళ్ళు, బోరు నీళ్ళు మేలు. తడి టవల్ కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకండి. మనం వేసుకునే జ్వరం మాత్ర వేయకండి, అది కుక్కకి విషం, పైగా వడదెబ్బ జ్వరం కాదు. ముందు చల్లబరచండి, తర్వాత డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. పశువుల అంబులెన్స్ నంబరు 1962, ఫోన్‌లో పెట్టుకోండి, కానీ దాని కోసం ఎదురు చూస్తా నీళ్ళు పోయడం ఆపకండి. లేచి తోక ఊపినా సరే డాక్టర్‌కి చూపించాల్సిందే. లోపలి దెబ్బ రెండు మూడు రోజుల తర్వాత కూడా బయటపడుతుంది. పుంగనూరు తమ్ముడు ఈ మాట మీకు ప్రత్యేకంగా చెప్పమన్నాడు.

అతను ఇప్పుడు ఇంకో కుక్కని పెంచుకుంటా ఉన్నాడు, వీధిలో దొరికిన పిల్ల. పొద్దున ఐదున్నరకి గ్రౌండ్‌లో ఉంటాడు. ఐదో రౌండ్ కాగానే కుక్క ఇంకా ఎగురుతా ఉంటుంది, ఇంకా కావాలంటుంది. తను మాత్రం పట్టీ వేసేసి ఇంటికి పోతాడు.

మీరు కూడా రేపు అలారం ఐదుకి పెట్టుకోండి. మీ కుక్కకి నా తరఫున ఒక ముద్దు. వచ్చే ఎపిసోడ్‌లో వంకర్ల దారి ఎలా నేర్పాలో చూద్దాం. ఉంటాను మరి.