రాగిలో కొత్త మిశ్రమాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాగి అనగానే మనకు గుర్తొచ్చేది బిర్యానీ డేగిసా, దానికి వేయించే కళాయి. ఆ కళాయి తగరమే. కార్లలో, టీవీల్లో వుండే కనెక్టర్లకు కూడా చాలావాటికి తగరం పూతే వేస్తారు. అయితే నేను చెప్పదలచింది పూత కిందనున్న లోహం సంగతి.

సాకెట్టు నల్లబడి, కాలిన వాసన కొట్టడం మీరు చూసే వుంటారు. "కరెంటు ఎక్కువొచ్చిందండీ" అంటాం. చాలాసార్లు సంగతి అది కాదు. లోపల ప్లగ్గు కాలును బిగబట్టే రేకు ఒకటుంటుంది. వేడికి అది పట్టు వదులుతుంది. పట్టు వదిలిన చోట నిరోధం పెరుగుతుంది, దానితో వేడి పెరుగుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా సడలుతుంది. చివరకు ప్లాస్టిక్కు కరిగి ఇల్లే అంటుకోవచ్చు. కనుక ఆ రేకు కరెంటును బాగా పారనివ్వాలి, వేడిలోనూ స్ప్రింగులా బిగువు నిలుపుకోవాలి.

చిక్కంతా ఇక్కడే. 1913లో నిర్ణయించిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మంచి రాగి వాహకత 100 అనుకుందాం. కాని రాగి మెత్తన. గట్టిపడటానికి నూటికి 30 వంతులు జింకు కలిపితే ఇత్తడి అవుతుంది, వాహకత 28కి పడిపోతుంది. తగరం, కొద్దిగా భాస్వరం కలిపిన కంచు ఇంకా మంచి స్ప్రింగే గాని, దాని వాహకత సుమారు 15.

ఎందుకిలా? సందులో మనుషులు ఒక్కొక్కరే చెల్లాచెదురుగా నిలబడితే సైకిలు పోలేదు. అదే జనం గుంపులుగా అరుగుల మీద కూర్చుంటే దారి ఖాళీ. పరాయి పరమాణువులూ అంతే. అమెరికాలో 1920లలో కార్సన్ అనే ఆయన చూపిన మార్గమిదే: రాగిలో కొద్దిగా నికెలు, సిలికాన్ కలిపి, బాగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ 450 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు వుంచుతారు. నికెలు, సిలికాన్ జతకట్టి కంటికి కనపడని రేణువులై విడిపోతాయి. రేణువులు బలమిస్తాయి, మిగిలిన రాగి శుభ్రపడుతుంది. వాహకత 40 నుంచి 50 దాకా నిలుస్తుంది. నేడు కార్ల కనెక్టర్లలో ఈ జాతి లోహాలు విరివిగా వాడుతున్నారు. క్రోమియం, జిర్కోనియం కలిపిన రాగి అయితే 80 దాకా వస్తుంది. స్పాట్ వెల్డింగు మొనలకు అదే.

ఇంత బలమైన రాగి ఇంతకు ముందు లేదా అంటే, వుంది. నూటికి 2 వంతులు బెరీలియం కలిపిన రాగి ఉక్కుతో పోటీపడుతుంది. తయారైన ముక్కను చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. కాని దాన్ని గ్రైండింగు చేసినా, కరిగించినా లేచే దుమ్ము, పొగ ఊపిరితిత్తులకు చేటు. ఆ జబ్బు పూర్తిగా నయం కాదు. వర్కుషాపుల్లో, పాత సామాను కొట్లలో పనిచేసే పిల్లలు మన ఇళ్లలో ఎందరో వున్నారు. పాత మిషన్ల స్ప్రింగు ముక్కలు ఏ లోహమో తెలియనప్పుడు ఇత్తడి కుప్పలో కలిపి కరిగించవద్దు, పొడిగా రాపిడి పట్టవద్దు. విడిగా డబ్బాలో వేసి, కొనేవాడికి ఆ మాట చెప్పి అమ్మండి.

ఇక ఇంట్లో మాట. గీజరు, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసినప్పుడు కాళ్లు బాగా వేడిగా వుంటే, లేక ప్లగ్గు వదులుగా ఊగుతుంటే, మెయిను ఆపించి ఎలక్ట్రీషియన్ చేత ఆ సాకెట్టు మార్పించండి. వంచి బిగించిన పాత రేకు మళ్లీ వదులవుతుంది.