ఔరేపల్లి లెక్కలు

పంజగుట్ట, అమీర్‌పేటలను దాటి వాయవ్యముగా సాగిపోవు రాజమార్గము పటాన్‌చెరు చేరునెడ, 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ అను మెట్టపంటల పరిశోధనాసంస్థ కలదు. 1975 మొదలుకొని ఆ సంస్థవారు, పాలమూరు సీమలోని ఔరేపల్లి, దోకూరులతోను, మహారాష్ట్రమందలి నాలుగు గ్రామములతోను ఆరంభించి, ఊరికి 40 కుటుంబముల చొప్పున ఎన్నుకొని, పరిశోధకులను ఆ పల్లెలందే నివసింపజేసి, పంట, కూలి, అప్పు, తిండి మున్నగు వానినెల్ల ఏండ్లతరబడి వ్రాయించిరి. అంతకంటె ఘనమైన కార్యము, ఆ లెక్కలను దాచుకొనక లోకమునకు పంచియిచ్చుట. అందుచేతనే అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్, రాబడి తగ్గిన యేట పల్లెకుటుంబముల తిండిఖర్చు ఎంతవఱకు నిలుచునో ఆ లెక్కలవలననే పరిశీలించి, 1994లో ‘ఎకనామెట్రికా’ పత్రికయందు సుప్రసిద్ధమైన వ్యాసమును ప్రకటింపగలిగెను.

పంజగుట్టలోని నిమ్స్ వంటి వైద్యాలయములందు పుట్టు సమాచారము మాట వేఱు. రోగి ఎవరో తెలియు గుర్తులు తొలగింపక దానిని పంచుట అన్యాయము.

నేడు పరిశోధనా దత్తాంశమునకును వ్యాసమునకువలెనే డీఓఐ అను శాశ్వతసంఖ్య లభించుచున్నది. కావున, అమీర్‌పేట శిక్షణాలయములలో గణాంకవిద్య నభ్యసించు యువతీయువకులారా, పరుల లెక్కలను వాడినపుడు కూర్చినవారి పేరును, సంవత్సరమును, ఆ సంఖ్యను తప్పక ఉదాహరింపుడు.