రెండుసార్లు తిరిగి వచ్చే ఫంక్షన్

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1990ల్లో నేను ఆఫీసు కంప్యూటర్ విభాగంలో పనిచేశాను. అప్పుడు చేసిన ఒక పొరపాటు గురించి మనవి చేస్తాను.

ప్రోగ్రాములో ఫంక్షన్ అంటే పని మీద పంపిన మనిషి వంటిది. పని ముగించి ఒకసారే తిరిగి వస్తుంది. కాని సి భాషలోని సెట్‌జంప్ రెండుసార్లు కూడా రాగలదు. అది ఆ క్షణాన ఉన్న రిజిస్టర్ల నకలు దాచి, సున్నాతో తిరిగి వస్తుంది. తరువాత ఎక్కడైనా తప్పు దొర్లి లాంగ్‌జంప్‌ను పిలిస్తే, ఆ పాత నకలు యథాస్థానానికి చేరుతుంది. సెట్‌జంప్ వేరే విలువతో మళ్ళీ అక్కడికే వస్తుంది.

ఇక్కడ రిజిస్టరంటే మన హాజరు పుస్తకం కాదు, గుమాస్తా చేతిలోని చిత్తు చీటీ వంటిది. మెమరీ లెడ్జరు వంటిది. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్, వెళ్ళిన మనిషి ఒకసారే వస్తాడన్న నమ్మకంతో, వేగం కోసం కొన్ని లెక్కలను చీటీ మీదనే నడుపుతుంది. లాంగ్‌జంప్ జరిగితే లెడ్జరు తాజాగానే ఉంటుంది, చీటీ మాత్రం పాతదవుతుంది.

నా బకాయిల బిల్లుల ప్రోగ్రాములో జరిగినది ఇదే. బిల్లులన్నీ సరిగ్గా అచ్చయ్యాయి. మధ్యలో ఒక తప్పు రికార్డు తగిలి వెనక్కి దూకగానే, అంతవరకు కూడిన మొత్తం సున్నా అయింది. మా సూపరింటెండెంట్ గారు చేత్తో కూడి చూసి, "మొత్తం తక్కువుందండీ" అన్నారు. "యంత్రం కూడికలో పొరపాటు చేయదండీ" అన్నాను. పరీక్షలో సరిగ్గానే వచ్చింది మరి! వేగం పెంచే ఏర్పాటు లేకుండా పరీక్షించానని తరువాత గ్రహించాను. ఆ తక్కువ మొత్తానికే మంజూరు వచ్చి, కొందరు కుటుంబ పెన్షనర్లకు బకాయిలు నెల ఆలస్యమయ్యాయి.

తప్పు కంపైలర్‌ది కాదు. సెట్‌జంప్ తరువాత మారిన స్థానిక విలువలను 'వోలటైల్' అని ప్రకటించకపోతే, వెనక్కి దూకాక వాటిని నమ్మరాదని 1989 నాటి సి ప్రమాణమే చెప్పింది. ఆ ఒక్క మాట చేరిస్తే ప్రతి మార్పూ లెడ్జరుకెక్కుతుంది. జిసిసి వంటి కంపైలర్లు సెట్‌జంప్‌ను పేరుతోనే గుర్తుపట్టి జాగ్రత్త పడతాయి, కోరితే హెచ్చరిస్తాయి కూడా. అటువంటి ఫంక్షన్‌ను మనం వేరే పేరుతో వ్రాసుకుంటే, ఇది రెండుసార్లు వస్తుందని మనమే చెప్పాలి.

ఆ సూపరింటెండెంట్ గారు ఈరోజు మొదటి వరుసలో కూర్చున్నారు. అయ్యా, ఆనాడు మీ కూడికే సరైనది. అప్పుడే చెప్పవలసిన మాట ఇన్నేళ్ళకు చెబుతున్నాను, క్షమించండి.

సెలవు.